సెస్నా 152 పైకప్పు మీది యాంటెన్నా విరిగింది, కొత్తది ఎక్కడ బిగించాలి?

పెన్నా_రెక్క (కడప)

అందరికీ నమస్కారం. కడపలో శిక్షణ విమానాల మెయింటెనెన్స్ టీమ్‌లో జూనియర్‌గా చేస్తున్నాను. మా దగ్గరున్న ఒక సెస్నా 152 పైకప్పు మీద టవర్‌తో మాట్లాడే రేడియోలకు రెండు వీహెచ్‌ఎఫ్ కామ్ యాంటెన్నాలు ఉన్నాయి. రెండూ వెనక్కి వాలిన కడ్డీ రకమే. మొన్న సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. విమానం మీద కప్పిన పట్టా తాడు కుడివైపు యాంటెన్నాకు మెలిపడి గుంజేసింది. కడ్డీ బేస్‌కి గోరంత పైన పుటుక్కున విరిగింది.

రెండో రేడియోకి వెళ్లేది ఆ యాంటెన్నాయే. అదే రకం స్టాకులో లేదంటున్నారు. బదులుగా బ్లేడు రకం ఇస్తామంటున్నారు కానీ దాని స్క్రూ రంధ్రాల కొలతలు వేరు. పైగా పైకప్పు మీద తర్వాతెప్పుడో బిగించిన జీపీఎస్ యాంటెన్నా కూడా ఉంది. అందుకని కొత్తదాన్ని పొట్ట కిందికి మారిస్తే ఎలా ఉంటుందని మా దగ్గర మాట నడుస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇన్‌ఛార్జి సార్‌కి కారణాలతో సహా రాసివ్వాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్_రేడియో (అనంతపురం)

తమ్ముడూ, చోటు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రేడియో సర్క్యూట్ బ్రేకర్ లాగి, వాడకూడదని ట్యాగ్ కట్టు. విరిగిన యాంటెన్నాతో మైక్ బటన్ నొక్కితే పంపిన పవర్‌లో చాలా భాగం తిరిగి రేడియోకే వస్తుంది. కొత్త సెట్లు పవర్ తగ్గించుకుని తట్టుకుంటాయి. పాత సెట్లలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

విరిగిన ముక్కను మాత్రం పారేయొద్దు. విరిగిన చోట భూతద్దం పెట్టి చూసి, రంగు ఎలా ఉందో ఇక్కడ రాయి. అంతా ఒకేలా మెరుస్తోందా, ఒక పక్క నల్లబడి ఉందా?

పెన్నా_రెక్క

చూశాను సార్. ముందువైపు దాదాపు సగం వరకు మసిరంగులో నున్నగా ఉంది. బాగా దగ్గర నుంచి చూస్తే సన్నటి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తున్నాయి. వెనక సగం గరుకుగా, తళతళలాడుతూ ఉంది.

రిటైర్డ్_రేడియో

అదీ సంగతి. తాడు చివరి దెబ్బ మాత్రమే కొట్టింది. ఆ నల్లటి సగం ఎప్పటి నుంచో ఉన్న పగులు. విమానం ఎగురుతున్నంతసేపూ గాలి కడ్డీని వెనక్కి తోస్తుంది, ఇంజిన్ వైబ్రేషన్‌కి అది ఊగుతూనే ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆ గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. సాగేది ముందువైపు కాబట్టి పగులు కూడా ముందువైపు, మొదట్లోనే పుడుతుంది. ఆ వంపు గీతలు పగులు ఆగి ఆగి పాకిన జాడలు. దీన్నే మెటల్ ఫెటీగ్ అంటాం.

ఎడమవైపుది కూడా అదే వయసుది అయి ఉంటుంది. అది బాగా మోగుతోందని వదిలేయకుండా పది రెట్ల లెన్స్‌తో మొదలంతా చూడండి. విరిగినదాని బేస్ తీశాక రేకు మీద స్క్రూ రంధ్రాల చుట్టూ డై పెనెట్రంట్ పరీక్ష (పగుళ్లలోకి ఇంకే రంగు పూసి చూడటం) చేయించండి. కడ్డీ ఊగినప్పుడల్లా ఆ ఊపును మోసింది రేకే కదా.

కేడెట్_విమానం (కడప)

అన్నా, నేను అదే విమానంలో నేర్చుకుంటున్నాను. కొత్త యాంటెన్నా వచ్చేదాకా విరిగిన ముక్కను ఎం-సీల్‌తో అతికిస్తే నడవదా? మాకు గంటలు వెనకబడుతున్నాయి.

బీ2_లైసెన్స్ (బెంగళూరు, సొంతూరు ప్రొద్దుటూరు)

నడవదు. బయటికి అతుక్కున్నట్టు కనిపిస్తుంది, లోపల లోహానికి లోహం తగలదు, రేడియోకి అది విరిగిన యాంటెన్నాయే. పైగా 90 నాట్ల గాలిలో ఆ ముక్క ఊడితే నేరుగా వెళ్లి తగిలేది తోకకే. మీ గంటల బాధ నాకు తెలుసు తమ్ముడూ, నేనూ ఆ హ్యాంగర్ల మధ్యే తిరిగినదాన్ని. ఒక రేడియోతో ఎగరవచ్చా లేదా అన్నది విమానం ఎక్విప్‌మెంట్ లిస్టు, మీ సంస్థ ఆమోదిత పత్రాలు చూసి మీ ఏఎంఈ (లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు), చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ తేల్చాలి. అనుమతి ఉంటే సర్క్యూట్‌లకే (రన్‌వే చుట్టూ తిరిగి దిగడానికే) పరిమితమై ఎగరనిస్తారేమో అడగండి. అతికించే ఆలోచన మాత్రం వదిలేయండి.

పెన్నా_రెక్క గారూ, మీకో మాట. అదే పార్ట్ నంబరు, అదే రంధ్రాలు అయితే అది మామూలు రీప్లేస్‌మెంట్. పార్ట్స్ కేటలాగ్, మెయింటెనెన్స్ మాన్యువల్ చూసి బిగించి, లాగ్‌బుక్‌లో రాసి, లైసెన్సున్న ఏఎంఈ సంతకం చేస్తే సరిపోతుంది. రకం మారినా, చోటు మారినా అది మాడిఫికేషన్ కిందికి వస్తుంది. దానికి ఆమోదం ఉన్న డేటా కావాలి. అది చేతికి రాకముందు రేకు మీద డ్రిల్ పెట్టకూడదు. స్టాకు లేదని ఒక్క డీలర్ అన్నంత మాత్రాన ఆగిపోకండి, ఇంకో ఇద్దరిని అడగండి. వచ్చే పార్టుకి విమానంలో వాడొచ్చని చెప్పే ధ్రువపత్రం, అంటే ఫారం-1 గానీ 8130-3 గానీ తప్పకుండా ఉండాలి. కాగితం లేని యాంటెన్నా ఎంత మెరిసినా విమానం ఎక్కదు.

ఓర్వకల్లు_పైలట్ (కర్నూలు)

పొట్ట కింద బిగించడం గురించి పైలట్‌గా నా మాట చెబుతాను. గాల్లో ఉన్నప్పుడు పొట్ట కింది యాంటెన్నా బాగానే ఉంటుంది, ఎందుకంటే టవర్ మనకు కిందే కదా. చిక్కంతా నేల మీద. ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) మీద నిలబడి టాక్సీ క్లియరెన్స్ అడుగుతున్నప్పుడు యాంటెన్నాకూ టవర్‌కూ మధ్య చక్రాలు, కాళ్లు, పక్కన నిలబడ్డ వేరే విమానాలు అడ్డం వస్తాయి. శిక్షణ విమానం నేల మీదే ఎక్కువ మాట్లాడుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు టవర్ మాట అర్థం కావడమే కష్టం, దానికి ఈ గరగర కూడా తోడైతే కంగారు పడతారు.

నేనైతే రెండు రేడియోలున్న విమానంలో ఒకటి పైన, ఒకటి కింద ఉండటాన్ని ఇష్టపడతాను. ఏ పక్కకు వాలినా ఒకటి పనిచేస్తుంది. కానీ అది ఫ్యాక్టరీలోనో, పెద్ద ఓవర్‌హాల్‌లోనో చేయాల్సిన పని. ఒక్క కడ్డీ విరిగిందని పొట్టకు కొత్త రంధ్రాలు వేయాలా అన్నది ఆలోచించండి.

నల్లమల_హామ్ (ఆత్మకూరు, కర్నూలు జిల్లావాళ్లమే అనుకుంటాం ఇప్పటికీ)

నాకు విమానాల లైసెన్సు లేదు, అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది. ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటుంది, అది చెప్పకుండా ఉండలేను. మీరంతా కడ్డీ గురించే మాట్లాడుతున్నారు. కడ్డీ యాంటెన్నాలో సగమే. మిగతా సగం దాని కింది అల్యూమినియం రేకు. ఒక చేత్తో చప్పట్లు మోగవు.

లెక్క చూడండి. విమానాల మాటల బ్యాండు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా. మధ్యలో 127 తీసుకుంటే తరంగం పొడవు 2 మీటర్ల 36 సెంటీమీటర్లు. అందులో పావు వంతు 59 సెంటీమీటర్లు. కడ్డీ ఇంచుమించు ఆ పొడవే ఉంటుంది. దాని కింద అన్ని వైపులా కనీసం అంతే దూరం అతుకు తెగని లోహం ఉండాలి. అప్పుడే ఆ రేకు అద్దంలో ప్రతిబింబం చూపించినట్టు రెండో సగాన్ని నిలబెడుతుంది. 152కి వెనక కిటికీ ఉంటుంది. యాంటెన్నా దాని అంచుకు దగ్గరైతే వెనకవైపు లోహం ఉండదు, ఆ దిక్కున సిగ్నల్ బక్కచిక్కిపోతుంది. పైకప్పు ముందు భాగంలో అయితే రెండు రెక్కల రేకు అటూ ఇటూ చాచుకుని ఉంటుంది. ఆ విమానంలో అంతకన్నా మంచి చోటు నాకు తోచడం లేదు.

రెండో ముఖ్యమైన సంగతి, బేస్‌కీ రేకుకీ మధ్య తాకిడి. దాన్నే బాండింగ్ అంటారు. పెయింటు మీద, దుమ్ము మీద, తుప్పు మీద బిగిస్తే రేకు ఉండీ లేనట్టే. యాంటెన్నా మార్చినా గరగర పోలేదని చెప్పేవాళ్లను అడిగితే, పాత పెయింటు మీదే కొత్తది బిగించామంటారు.

రిటైర్డ్_రేడియో

హామ్ గారు బంగారంలాంటి మాట చెప్పారు. బాండింగ్‌కి నేను పెట్టుకున్న హద్దు 3 మిల్లీఓమ్‌లు. మామూలు మల్టీమీటర్ అంత చిన్న విలువ చూపించలేదు, దాని వైర్ల నిరోధమే అంతకన్నా ఎక్కువ. నాలుగు వైర్ల మిల్లీఓమ్ మీటర్ కావాలి.

రేకు శుభ్రం చేసేటప్పుడు స్టీల్ ఊల్ ముట్టుకోవద్దు. ఇనుప పొడి అల్యూమినియంలో ఇరుక్కుని తర్వాత తుప్పు పుట్టిస్తుంది. స్కాచ్‌బ్రైట్‌తో బేస్ కూర్చునే మేరకే మెల్లగా రుద్దండి. మెరుపు వచ్చాక అలోడైన్ అనే రసాయన పూత పూయండి. అది కరెంటును ఆపదు, తుప్పును ఆపుతుంది. బిగించాక బేస్ అంచు చుట్టూ సీలెంట్. అంచు చుట్టూ మాత్రమే, కిందికి పోకూడదు. మన ఎండల్లో రెండు భాగాల సీలెంట్ కలిపిన కాసేపటికే గట్టిపడుతుంది. కడపలో మే నెల మధ్యాహ్నం ఆ పని పెట్టుకోకండి, తెల్లవారుజామున రేకు చల్లగా ఉన్నప్పుడు చేయండి.

పెన్నా_రెక్క

ఎంతో సాయం చేశారు. పొట్ట కింద ఆలోచన మానుకోవాలని ఇన్‌ఛార్జి సార్‌కి రాసిచ్చాను, ఒప్పుకున్నారు. బీ2 మేడమ్ చెప్పినట్టు అడిగితే ఇంకో డీలర్ దగ్గర అదే పార్ట్ నంబరు దొరికింది, కాగితాలతో సహా.

ఒక సందేహం మిగిలింది. జీపీఎస్ యాంటెన్నా ఈ కామ్ యాంటెన్నాకు దగ్గరగానే ఉంది. మాట్లాడేటప్పుడు అప్పుడప్పుడు జీపీఎస్ సిగ్నల్ పోతోందని ఒక ఇన్‌స్ట్రక్టర్ స్క్వాక్ (లోపం ఫిర్యాదు) రాశారు. యాంటెన్నా మార్చాక అది పోతుందా?

బీ2_లైసెన్స్

పోవచ్చు, పోకపోవచ్చు. ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడినప్పుడు పోతోందో ముందు కనుక్కోండి. జీపీఎస్ వినేది 1575.42 మెగాహెర్ట్జ్. 121.15ని 13తో గుణించండి, 1574.95 వస్తుంది. 131.25ని 12తో గుణిస్తే సరిగ్గా 1575. అంటే కామ్ రేడియో ఈ ఫ్రీక్వెన్సీల చుట్టుపక్కల మాట్లాడితే దాని హార్మోనిక్ (ఆ ఫ్రీక్వెన్సీకి ఇన్ని రెట్ల దగ్గర పుట్టే చిన్న సిగ్నల్) జీపీఎస్ నెత్తి మీదే పడుతుంది. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ ఎంతో బలహీనం, పక్కనున్న హార్మోనిక్ చిన్నదైనా దాన్ని మింగేస్తుంది. అందుకే ఇన్‌స్టాలేషన్ టెస్టులో 121.150, 121.175, 121.200, 131.250, 131.275, 131.300లలో ట్రాన్స్‌మిట్ చేసి జీపీఎస్ నిలబడుతుందా అని చూస్తారు. టవర్‌కి చెప్పి, ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరూ లేరని నిర్ధారించుకున్నాకే చేయండి.

రెండు యాంటెన్నాల మధ్య 90 సెంటీమీటర్లు ఉంటే మంచిది. తక్కువైతే జీపీఎస్ మాన్యువల్ ఏం చెబుతోందో చూడండి. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: ఈఎల్‌టీ (విమానం కూలితే సంకేతం పంపే పరికరం) యాంటెన్నా. అది 121.5కి కూడా ట్యూన్ అయి ఉంటుంది కాబట్టి కామ్ సిగ్నల్‌ని అందుకుని హార్మోనిక్‌లను తిరిగి చిమ్ముతుంది. జీపీఎస్ దెబ్బతింటే అందరూ కామ్ రేడియోనే తప్పుపడతారు, చాలాసార్లు దోషం ఈఎల్‌టీది. నేల మీద పరీక్షగా ఈఎల్‌టీ కేబుల్ విప్పి చూడండి, జీపీఎస్ నిలబడితే దొంగ దొరికినట్టే. అలాంటప్పుడు ఈఎల్‌టీ లైన్లో ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని ఆపే నాచ్ ఫిల్టర్ పెడతారు. పరీక్ష అయ్యాక కేబుల్ మళ్లీ బిగించారో లేదో ఇంకొకరితో చూపించండి. ప్రమాదంలో ప్రాణాలు కాపాడే పరికరం అది.

నల్లమల_హామ్

కేబుల్ సంగతి మరవొద్దు. పాత ఆర్‌జీ-58 ఉంటే ఇదే అదనుగా ఆర్‌జీ-400 వేయండి, పనిలో పనిగా కనెక్టర్లూ కొత్తవి వేయండి. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే కొలత) కొలిచేటప్పుడు రేడియో చివర మాత్రమే కొలిచి సంబరపడొద్దు. కేబుల్ పాడైతే యాంటెన్నా నుంచి తిరిగొచ్చే పవర్‌ని కూడా అదే తినేస్తుంది, మీటర్ మీద అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. యాంటెన్నా దగ్గర కూడా ఒకసారి కొలవండి. 2కి లోపు ఉంటే తిరిగొచ్చేది 11 శాతమే. 3 అయితే పావు వంతు వెనక్కి వస్తున్నట్టు.

పెన్నా_రెక్క

పని పూర్తయింది. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

ముందు రిటైర్డ్ సార్ మాట నిజమైంది. ఎడమవైపు యాంటెన్నా మొదట్లో లెన్స్ కింద వెంట్రుక లాంటి గీత కనిపించింది. పెనెట్రంట్ వేస్తే ముందువైపు ఎర్రగా అర్ధచంద్రం తేలింది. రెండూ మార్చాము. రేకుకు పగుళ్లు లేవు, లోపలి డబ్లర్ (బలానికి వేసిన రెండో రేకు) గట్టిగానే ఉంది.

కుడివైపు బేస్ ఎత్తితే కింద తెల్లటి పొడి, ఒక మూల పాత పెయింటు పొర. అల్యూమినియం తుప్పే. అంతా తీసి, అలోడైన్ వేసి, ఆరాక బిగించాము. బాండింగ్ కుడివైపు 1.8, ఎడమవైపు 1.5 మిల్లీఓమ్‌లు వచ్చింది. లోపల హెడ్‌లైనర్ (కేబిన్ పైకప్పు గుడ్డ) మీద నీటి మరక ఉంది, వాన నీరు స్క్రూ రంధ్రం గుండా దిగి కేబుల్ వెంట జారి కనెక్టర్‌లో చేరింది. పాత బీఎన్‌సీ కనెక్టర్ విప్పితే లోపలి అల్లిక పచ్చబడి ఉంది. కొత్త కేబుల్‌కి కనెక్టర్ ముందు కిందికి చిన్న వంపు ఇచ్చాము, నీరు దిగినా అక్కడ బొట్టుగా రాలిపోతుంది.

యాంటెన్నా దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 118 దగ్గర 1.7, 127 దగ్గర 1.3, 136 దగ్గర 1.6. జీపీఎస్ పరీక్షలో 121.15 దగ్గర ఒక్కచోటే సిగ్నల్ పట్టీలు పడిపోయాయి. ఈఎల్‌టీ కేబుల్ విప్పితే నిలబడ్డాయి. మేడమ్ చెప్పిన దొంగే. నాచ్ ఫిల్టర్‌కి ఆర్డర్ పెట్టారు, ఆ స్క్వాక్ మాత్రం ఇంకా తెరిచే ఉంది.

ఓర్వకల్లు_పైలట్

మంచి పని చేశారు. గాల్లో పరీక్ష కూడా చేయించండి. నేల మీద రేడియో చెక్‌లో ఫైవ్ (చాలా స్పష్టంగా ఉంది) అని వచ్చినంత మాత్రాన సరిపోదు. నేల నుంచి 3000 అడుగుల ఎత్తులో రేడియోకి కంటిచూపు దూరం సిద్ధాంతం ప్రకారం 67 నాటికల్ మైళ్లు, 1000 అడుగుల్లో 39. మధ్యలో కొండలు లేకపోతేనే ఆ లెక్క. కడపకు దక్షిణాన పాలకొండలు ఉన్నాయి కాబట్టి ఆ వైపు పోయి సిగ్నల్ తగ్గిందంటే యాంటెన్నాను అనకండి. తూర్పుకో, ఉత్తరానికో 20 మైళ్లు పోయి, ఒక పూర్తి చుట్టు తిరుగుతూ ప్రతి దిక్కులోనూ టవర్‌తో మాట్లాడండి. తోక టవర్ వైపు ఉన్నప్పుడు, రెక్క వాలినప్పుడు ఎలా వినిపించిందో రాసుకోండి.

పెన్నా_రెక్క

చేయించాము మేడమ్. పోరుమామిళ్ల వైపు వెళ్లారు. రెండు రేడియోల్లోనూ చుట్టూ బాగుంది, తోక టవర్ వైపు ఉన్నప్పుడు రెండో రేడియోలో కొంచెం గరగర, మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. నలుగురికీ ధన్యవాదాలు.

అనంత_మోడల్స్ (ధర్మవరం)

ఈ చర్చ మొత్తం చదివాను. ఒక ప్రశ్న. మా ఫ్రెండు ఒకతను విదేశంలో ఫైబర్‌గ్లాస్ చిన్న విమానం సొంతంగా కట్టుకుంటున్నాడు. అక్కడ అల్యూమినియం రేకే ఉండదు కదా, మరి హామ్ గారు చెప్పిన రెండో సగం ఎక్కడి నుంచి వస్తుంది?

నల్లమల_హామ్

మంచి ప్రశ్న. రెండు దారులున్నాయి. కడ్డీనే బిగించాలనుకుంటే, దాని కింద ఫైబర్‌గ్లాస్ లోపలివైపు రాగి పట్టీలు బేస్ నుంచి నాలుగైదు దిక్కులకు అతికించాలి. ఒక్కొక్కటి 59 సెంటీమీటర్లకు తగ్గకూడదు, అన్నీ బేస్ దగ్గర కలిసి కనెక్టర్ బయటి వలయానికి గట్టిగా తగలాలి.

రెండో దారి నాకు ఇష్టమైనది. ఫైబర్‌గ్లాస్ రేడియో తరంగాలను అడ్డుకోదు కాబట్టి తోక నిలువు రెక్క లోపలే డైపోల్ దాచేయవచ్చు. రెండు రాగి పట్టీలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. అప్పుడు గ్రౌండ్ రేకుతో పనే లేదు, గాలి ఒత్తిడి లేదు, విరిగేదీ లేదు. నిలువుగానే ఉండాలి, టవర్ యాంటెన్నాలు నిలువుగా ఉంటాయి. దారి చూపే వీఓఆర్ రేడియోది అయితే అడ్డంగా ఉండాలి, అది వేరే యాంటెన్నా. కేబుల్ డైపోల్ మధ్య నుంచి అడ్డంగా ముందుకు వచ్చేలా చూడమనండి. పట్టీ పక్కనే నిలువుగా కిందికి దింపితే కేబుల్ బయటి అల్లిక కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. మొదట్లో రెండు మూడు ఫెరైట్ రింగులు తొడిగితే ఆ బెడద తగ్గుతుంది. రడ్డర్‌కి వెళ్లే ఉక్కు తీగలకు వీలైనంత ఎడంగా పెట్టాలి.

ఒక్కటి ముందే అడగండి, తోకలో కార్బన్ ఫైబర్ వాడాడా అని. వాడి ఉంటే లోపల దాచడం కుదరదు. కార్బన్ కరెంటును మోస్తుంది, తరంగాలను బయటికి పోనివ్వదు.